క్యూలో ఒక పేజీ

కంప్యూటర్లు బాగుచేసే ఆయన స్క్రూడ్రైవర్‌ను పెన్సిల్లా చెవి మీద దోపుకుని, అడిగినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతాడు: “వాడకం తేలికంటే విండోస్. పాత సామాను పనిచెయ్యాలంటే లైనక్స్.” తన బల్ల మీది కంప్యూటర్లో మాత్రం కాలం చెల్లిన విండోసే ఉంది. పక్కనున్న ప్రింటర్లో ఎన్నడూ కాగితం పెట్టడు. ప్రింట్లు కావాలన్నవాళ్లను పక్క కొట్టుకి పంపేస్తాడు.

లాప్‌టాప్ కోసం వచ్చిన టీచరమ్మ ఇవాళ అడిగేసింది. “మీరూ లైనక్స్ వేసుకోవచ్చుగా? ఈ ప్రింటర్‌ని కూడా గుర్తుపడుతుందిగా?”

“ప్రింటర్‌ని గుర్తుపడుతుందమ్మా. లైనక్స్ వేస్తే ఇది మాత్రం చెరిగిపోతుంది.” తెర మీద ప్రింట్ క్యూ తెరిచాడు. అందులో ఒకే ఒక్క పేజీ కాగితం కోసం ఆగి ఉంది. “మా ఆవిడ పోయిన రోజు పొద్దున తనే ప్రింట్ కొట్టింది. అప్పుడే కాగితం అయిపోయింది.”

“అయ్యో, కాగితం పెడితే వచ్చేస్తుంది కదండీ!”

ఆయన ఖాళీ ట్రేను అరచేత్తో తుడిచాడు.

“వచ్చేస్తే, ఆవిడ చెప్పాల్సింది అయిపోతుంది కదమ్మా.”