ధర్మవరం చెరువు పక్కన కురిసిన వాన

తెల్లోళ్ల కాలంలో, వానల్లేని ఒక యేడు, చేను ఎండిపోతే, కూలి వెతుక్కుంటా పెనుకొండ నుంచి ధర్మవరం పోయినా. చెరువు పక్క వీధిలో ఒక నేతగాడూ పెండ్లామూ పట్టు పోగులు పొడుగ్గా సాపి, గంజి పెట్టి ఆరబెడతా ఉండిరి. ఉన్నట్టుండి చినుకులు పడినాయి. నేను సంతోషం పట్టలేక మొగం పైకెత్తి చేతులు జోడించినా.

"ఏమప్పా, మా కూడు నేలపాలైతాంటే దండం పెడతాండావా? ఆ కొస పట్టు!" అని ఆయమ్మ అరిచింది.

ఉరికి పట్టుకున్నా. చుట్టేలోపే పోగులన్నీ తడిసి ముద్దైపోయినాయి. వానను తిట్టే మనుషులను నేను ఆడనే చూసినా.

"పోనీలే, నీ చేనన్నా తడిసుంటాది, ఇంటికి పో" అన్నాడు నేతగాడు.

ఆ మాట నమ్మి కూలి కూడా వెతక్కుండా తిరిగొచ్చినా. మా చేన్లో చినుకు పడిన జాడ లేదు, దుమ్ము లేస్తా ఉండింది.