సిపాయి నిలబడని గుట్ట

ఓవెన్‌లో వేప బెరడు వేడెక్కగానే మా ఎల్బీనగర్ ఫ్లాటంతా చేదు వాసన. కషాయం కాస్తున్నాననుకుని పక్కింటావిడ జబ్బు ఎవరికని అడుగుతుంది. జబ్బు కాదండీ, గుట్టలు చేస్తున్నానంటే ఇంకా దిగులుగా చూస్తుంది. బెరడులోని పురుగు చావాలంటే ఇలా వేడిచేయక తప్పదని నాకు నేర్పింది యాదగిరన్న. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు చేపల తొట్ల దుకాణం ఉండేది. నేను ఒంగోలు నుంచి వచ్చి అందులో పనికి చేరాను.

ఆయన పిచ్చి మాత్రం చేపలు కాదు. బల్ల మీద వేలెడంత సిపాయి బొమ్మలను నిలబెట్టి, పాచికలు వేసి ఆడే యుద్ధాల ఆట. ఆ యుద్ధాలకు కావలసిన రాళ్లగుట్టలు దుకాణం వెనకగదిలో తయారయ్యేవి. బెరడు ముక్కలను పొరలుగా అంటిస్తే బండ. చాయ్ బండివాడు పారబోసే టీపొడిని ఎండబెట్టి చల్లితే మట్టి. "రాయి ఎట్ల పగుల్తదో ముందు చూడు చెల్లె, బెరడును గట్లనే ఇరగ్గొట్టు" అనేవాడు. చెయ్యి కుదిరేదాకా నాకు అన్నం సహించలేదు.

ఒకసారి ఆదివారం ఆటకు గుట్ట మొత్తం నన్నే చేయమన్నాడు. మోకాళ్ల నొప్పులంటూ కొన్నాళ్లుగా ఆయన ఆ ఆటకే పోవడం లేదు. ఈసారి మాత్రం పోతానన్నాడు. నేను ఒళ్లు దాచుకోకుండా చేశాను. నిలువు చరియలు, పైన సన్నని శిఖరం. చూసినవాళ్లంతా ఔరా అన్నారు. యాదగిరన్న జేబుల్లోంచి చేతులు తీయకుండానే చూసి, "మీదున్న మొన కోసెయ్ చెల్లె" అన్నాడు.

నేను గుట్టకు అడ్డంగా నిలబడ్డాను.

"అదేంటన్నా, అందమంతా అక్కడే ఉంది కదా!"

"ఉన్నది. సిపాయి ఏడ నిలబడాలె?"

"నిలబడుతుంది, చూడండి" అని ఒక సిపాయిని శిఖరం మీద పెట్టి చూపించాను. నిలబడింది.

"నీ చేతికి నిలబడ్డది."

"నేను కొయ్యను. కావాలంటే మీరే కోసుకోండి."

ఆయన రంపం అందుకున్నాడు. నా కళ్లముందే కోస్తాడా అని నిర్ఘాంతపోయాను. ఈర్ష్య కాబోలనుకున్నాను. కానీ బెరడు తెగనే లేదు, రంపం దాని మీద టకటకా కొట్టుకుంది. మణికట్టు దగ్గర్నుంచి చెయ్యి వణుకుతోంది. ఆపబోయి రెండో చెయ్యి వేస్తే అదీ వణికింది. రోజూ పక్కనే కూర్చునే మనిషి, నేను గమనించనే లేదు.

"ఏమైందన్నా?"

"దవాఖానల సూపించిన. తగ్గేది కాదంట." సిపాయి వైపు చూశాడు. "నేను పెడితే పడ్తది. పక్కోళ్లు లేపి పెడ్తరు. గదే కష్టమైతది చెల్లె. ఒక్కపారన్న నా సిపాయిని నేనే పెట్టుకోవాలె."

రంపం లాక్కుని నేనే కోశాను. ఏడుస్తూ కోశాను. శిఖరం పోయి అక్కడ అరచేయంత చదును మిగిలింది. ఆదివారం ఆయన చేతిలోని సిపాయి ఊగుతూ ఊగుతూ దిగి, దాని మీద నిలబడింది. ఎవరూ చెయ్యి వేయలేదు.

యాదగిరన్న పోయి చాలాకాలమైంది. నేను ఇప్పటికీ ఏ గుట్ట పూర్తయినా ముందు కుదురులేని నా ఎడమ చేత్తో సిపాయిని పెట్టి చూస్తాను. పడిపోతే ఆ చోటు కోసేస్తాను. కోస్తున్నంతసేపూ ప్రాణం ఉసూరుమంటుంది. అయినా కోసేస్తాను.