పలక పాడుచేసిన నూగు మొక్క

ఈరోజు సోమవారం, తెలంగాణ బంద్. వంట, బట్టలు, బియ్యం చెరగడం పదకొండింటికే అయ్యాయి. తర్వాత పనిమీద ఎల్‌బీ నగర్ వెళ్లి, బస్సుల్లేక మన్సూరాబాద్‌లోని ఇంటికి నడిచి వస్తుంటే గోడవార చిన్న పసుప్పచ్చ పువ్వు కనిపించింది. ఆకుల నిండా ఉన్నిలాంటి నూగు. గడ్డిచామంతి అనుకుని తుంచాను. గుప్పున కర్పూరం వాసన. గడ్డిచామంతి ఆకు గరుకు, ఇంత వాసన ఉండదు. ఇది కుక్కపొగాకు.

గడ్డిచామంతి ఆకు రుద్దితే పలక నల్లగా మెరిసేది, గుర్తుందా? రెండో తరగతిలో నా పక్కన కూర్చునే యాదమ్మ నాకు ఆ మొక్క చూపించింది. నేను కోసుకొచ్చి రుద్దితే కొత్త పలక జిగటై, కర్పూరం కంపు కొట్టింది. ఏడుస్తూ ‘యాదమ్మే చెప్పింది’ అన్నాను. టీచరు ఆమెను ఎండలో నిలబెట్టారు. తను తప్పు మొక్క చూపిందనే ఇన్నాళ్లూ నమ్మాను. ఈరోజు మళ్లీ అదే ఆకు తుంచాక తెలిసింది, పొరబడింది నేనేనని.

ఇంటికి రాగానే గడ్డిఅన్నారంలో ఉన్న యాదమ్మకు ఫోన్ చేశాను.

“ఆ రోజు తప్పు ఆకు కోసింది నేనేనే. క్షమించు.”

“నాకెర్కే. వాసన జూసి కొయ్యమంటే ఇన్నవా నువ్వు?”

“మరి టీచరుతో ఎందుకు చెప్పలేదు?”

“నువ్వప్పటికే ఏడుస్తున్నవ్. ఇద్దరం ఏడుస్తే పలక ఎవరు కడుగుతరే?”