పసుపు పూసిన కార్డు, మా లెక్కల సారు

మొన్న గురువారం పొద్దున మా బిడ్డ ఫోన్ చేసి, "బాపూ, సారు పోయిండ్రట" అంది. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇంట్లో సారు అంటే ఒక్కరే. మెదక్ చర్చి వెనక గల్లీలో ఉండే రిటైరైన లెక్కల సారు. చేతిలోని కత్తెర కింద పెట్టి, మిషన్‌కు గుడ్డ కప్పేశాను.

నేను ఏడో తరగతి దాకా చదివిన దర్జీని. పత్రికకు రాయడం ఇదే మొదలు. ఏడుస్తూ రాయాల్సిన సంగతి ఇది. కానీ ఆయన్ను తలుచుకుంటే చాలు, నాకు లోపలి నుంచి సంతోషమే పొంగుకొస్తోంది. అంత గొప్ప మనిషి మా ఇంటి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు గదా అని. పాఠకులు మన్నించాలి.

సారు రిటైరయ్యాకే కంప్యూటర్ పట్టుకున్నారు. కంప్యూటర్ నడవడానికి లోపల ఒక మూల ప్రోగ్రాం కావాలట. అందరూ దొంగ సీడీలు వేసుకునే రోజుల్లో ఆయన లినక్స్ అనేది తెచ్చుకున్నారు. "ఎక్కడెక్కడోళ్ళో కలిసి రాసిండ్రు తమ్మీ. రాసి, అందరికి ఇడిసిపెట్టిండ్రు. దాసుకోలే" అని చెప్తూ ఆ సీడీని రెండు చేతులతో అందించేవారు, ప్రసాదం ఇచ్చినట్టు. ఇంటి ముందు గదిలో, వచ్చినవాళ్ళందరికీ నేర్పేవారు. కీబోర్డు మాత్రం తాను ముట్టేవారు కాదు. ప్రతి కమాండునూ ముందు పెన్సిల్‌తో నోటుబుక్కులో రాయించి, పైకి చదివించి, ఆ తర్వాతే కొట్టనిచ్చేవారు. తెర మీద తప్పు అని రాగానే ఎవరన్నా కంగారుగా మూసేయబోతే ఆపేవారు. "ఎర్రర్ అంటే తిట్టు గాదు బిడ్డా, జవాబు. మొత్తం చదువు" అనేవారు.

తెలంగాణ కోసం బందులు, రాస్తారోకోలు జోరుగా జరుగుతున్న రోజులవి. మా బిడ్డ డిగ్రీ అయిపోయి, కంప్యూటర్‌లో కదిలే బొమ్మలు చేయడం నేర్చుకుంది. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు, సోమవారం సాయంత్రం లోపల రెండు నిమిషాల బొమ్మల కథ చేసి పంపితే ఉద్యోగానికి చూస్తామన్నారు. సారు ఇచ్చిన సీడీతోనే నడిచే మా పాత కంప్యూటర్‌లోనేమో బొమ్మ ఒక్క అడుగు వేసి నిలబడిపోయేది. బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు లోపల వేస్తే తప్ప సాగదన్నారు. తెలిసినవాళ్ళ చేత తెప్పించాం, బిడ్డే లోపల బిగించింది. కానీ ఆ కార్డు చేత పని చేయించే డ్రైవర్ ప్రోగ్రాం ఎంతకీ ఎక్కదు. హైదరాబాదు తీసుకుపోదామంటే బస్సులు బంద్. అప్పటికే ఆదివారం.

కబురు పంపితే సారు చర్చిలో ప్రార్థన కాగానే, ఇస్త్రీ తెల్లచొక్కాతోనే మా ఇంటికి వచ్చారు. ఆయన చెప్తుంటే బిడ్డ రాసుకుని, చదివి, కొట్టింది. 'కార్డు దొరకలేదు' అని వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పాత డ్రైవర్ ఎక్కించారు. అదే మాట. కొత్తది ఎక్కించి కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశారు. ఈసారి తెర మొత్తం నల్లబడింది. మూలన ఒక చిన్న గీత మాత్రం మినుకుమినుకుమంటోంది.

"అయ్యో, ఉన్నది గూడ పాయెనా?" అంది మా ఆవిడ.

"పోలే చెల్లె. బొమ్మల తలుపు మూసుకున్నది, అక్షరాల తలుపు తెరిచే ఉన్నది" అన్నారు సారు. బిడ్డ మూడు మీటలు ఒక్కసారే నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి నిలబడ్డాయి! బొమ్మ లేదు, బాణం గుర్తు లేదు, అయినా కంప్యూటర్ మాట వింటోంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. "బుగులు వద్దు, ఎక్కిన మెట్లే దిగుదాం" అంటూ, రాసుకున్న కమాండ్లను కిందినుంచి పైకి ఒక్కొక్కటే వెనక్కి తీయించారు. నేను తప్పు కుట్టును గుడ్డ చినగకుండా విప్పుతానే, అచ్చం అట్లాగే.

పాత తెర తిరిగి వచ్చింది. సారు మాత్రం తల పట్టుకున్నారు. "ఒక్క మాట నేను ముందు అడగనే లే. లోపల ఏమేమున్నయో లిస్టు చెప్పమను బిడ్డా."

లిస్టు వచ్చింది. సారు వేలితో వరుసగా చదివారు. కొత్త కార్డు పేరు అందులో లేదు.

"కార్డు ఉన్నట్టే దీనికి తెల్వదు. మనం పొద్దటిసంది లేనిదానికి పాఠం చెప్తున్నం!"

ప్లగ్గు పీకించి, ఒంట్లో కరెంటు ఉంటే పోవాలని కిటికీ ఊచ ఒకసారి ముట్టుకుని, కార్డు బయటికి తీశారు. దాని అంచున బంగారు రంగు పళ్ళ వరుస ఉంటుంది, కంప్యూటర్‌కు తగిలేది ఆ పళ్ళే. దాని పొడుగునా ఎండిపోయిన పసుపు. నడుమ కుంకుమ బొట్టు.

అందరూ నా వైపు చూశారు.

కొత్త మిషన్ వచ్చినా, కొత్త కత్తెర వచ్చినా నేను పసుపు రాసి బొట్టు పెడతాను. దీనికీ, గడపకు పూసినట్టు, నిండుగా పూశాను.

"నేను డబ్బాకు పెట్టమన్న. ఈయన లోపలిదానికి పెట్టిండు" అంది మా ఆవిడ.

"నువ్వన్న చూడలేదా బిడ్డా?"

"చూసిన సార్. బొట్టే గదా అనుకున్న."

సారు కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. బిడ్డ బతుకు మీదికి తెచ్చింది నేనే గదా. నా ముఖం చూసి ఆయన నవ్వు ఆపేశారు. "తమ్మీ, పూజల తప్పేమున్నది? కార్డు ఉన్నదా లేదా అని అడగకుంట డ్రైవర్లు మార్చుకుంట కూసున్న, తప్పు నాది. ఇంతమందికి చదువు చదువు అని చెప్పి, నేనే చదవలే." జేబులోంచి పెన్సిల్ రబ్బరు తీసి, ఆ పళ్ళను ఒక్కొక్కటే తుడిచారు. పసిపిల్లకు పళ్ళు తోమినంత మెల్లగా. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ నెమ్మదిని ఇప్పటికీ దండం పెట్టి తలుచుకుంటాను.

మళ్ళీ బిగించారు. లిస్టులో పేరు వచ్చింది. పొద్దున కాదు పొమ్మన్న డ్రైవరే ఈసారి చక్కగా ఎక్కింది. బొమ్మ ఆగకుండా సాగింది. బిడ్డ సోమవారం మధ్యాహ్నానికి పూర్తిచేసి, నెట్ సెంటర్‌కు ఉరుక్కుంటూ పోయి పంపించింది. నెల తిరక్కముందే రమ్మని ఫోన్ వచ్చింది. ఇవాళ నా బిడ్డ చేసిన బొమ్మలు సినిమా తెర మీద ఆడుతున్నాయంటే, ఆ సంతోషం ఈ దర్జీ గుండెలో పట్టేదేనా!

ఫోన్ వచ్చిన సాయంత్రమే మిఠాయి పట్టుకుని ముగ్గురం సారు ఇంటికి పోయాం. "మిఠాయి తర్వాత. ముందు నువ్వు చేసింది చూపియ్యి" అన్నారు. బిడ్డ ఆయన కంప్యూటర్‌లో పెట్టింది. పచ్చటి వరిమడి గాలికి వంగి లేస్తోంది. నడిమధ్యలోంచి ఒక తెల్లకొంగ రెక్కలు విప్పి లేచింది. సారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. కళ్ళద్దాల నిండా వరిపచ్చ. తెలియకుండానే చెయ్యి పైకి లేచింది, కొంగ వెంటే వేలు మెల్లగా కదిలింది. కొంగ తెర అంచు దాటి వెళ్ళిపోయింది. సారు వేలు మాత్రం ఆగలేదు. గోడ మీదుగా, కిటికీ దాకా, ఇంకా పైకి, అది పోతున్న దారినే చూపిస్తూ ఉంది.