బీరన్న చేతి చివరి గొంగడి

“సచ్చినోనికి సద్ది ఎందుకు పెట్టినవే బక్కమ్మా?”

“నీ నోట్ల మన్ను వడ! పొద్దుగాల్నే ఏం మాటలవి?”

“నేనంటున్ననా? గా టీచరమ్మ దండ పట్టుకొచ్చి, నన్ను జూసి కెవ్వుమన్నది. గిప్పుడు గా దండ ఏంజేద్దాం? మేక మెడల ఏద్దామా?”

లోపల బీరన్న, ఆయన భార్య బక్కమ్మ మాటలు విని గిరి వాకిట్లోనే ఆగాడు. నల్గొండలో డిగ్రీ సగంలో వదిలేసి మోత్కూర్ తిరిగొచ్చాక, పక్కింటి బీరన్న నేసే గొంగళ్లు ఫోన్‌లో అమ్మిపెడతానని తనే పూనుకున్నాడు. పాత కొనుగోలుదార్ల మెయిల్ చిరునామాలు నూట నలభై పోగేశాడు. ఎనిమిది మెయిళ్లు పంపితే ఒక్కరూ పలకలేదు. నిన్న తొమ్మిదోదాని నెత్తిన “బీరన్న చేతి చివరి గొంగడి” అని పెట్టాడు. చివరిది అంటేనే జనం తెరుస్తారని ఏదో వీడియోలో విన్నాడు. బీరన్న ఇంటి దూలానికి ఇంకా ఆరు గొంగళ్లు వేలాడుతూనే ఉన్నాయి.

చేతులాడినన్నాళ్లూ నేస్తానని, కొన్న ప్రతి ఒక్కరికీ బీరన్న చెప్పి పంపుతాడు. అందుకే వాళ్లకు ‘చివరిది’ అంటే మనిషి లేడనే అర్థం. రాసిన గిరికే అది తట్టలేదు.

లోపలికి వెళ్లాడు. ఒకప్పుడు గొంగడి కొన్న రిటైర్డు టీచరు లీలమ్మ, హైదరాబాద్ నుంచి వచ్చి, మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో దండ.

“బతికున్న మనిషిని పాడె ఎక్కిచ్చినవ్ కదరా!” అంది బక్కమ్మ.

“సచ్చిండని రాయలే అవ్వా. చివరిది అని రాసిన.”

“మరి గా ఆరు దయ్యం నేసిందా?”

గిరి తల దించుకుని ఫోన్ తెరిచాడు. ముప్పై ఒక్క జవాబులు! ఆర్డర్లేమోననుకున్నాడు. తెరిచి చూస్తే అన్నీ సంతాపాలే. ఒక్కటీ ఆర్డరు కాదు.

“జర ఇనిపియ్,” అన్నాడు బీరన్న.

దవాఖానలో ఉన్న మూడు నెలలూ మా నాన్న ఆ గొంగడి వదల్లేదని ఒకాయన రాశాడు. మీరే నా భుజం మీద వేశారు, ఆ బరువు ఇంకా గుర్తుందని ఒకామె. ఇంకెవరో ఏమీ రాయకుండా, గొంగడిలో నిద్రపోతున్న పసిపాప ఫొటో పంపారు.

ఉన్ని దారానికి పట్టించే చింతగింజల గంజి చేతులకంటి ఎండిపోతున్నా బీరన్న తుడుచుకోలేదు. నలభై ఏళ్లుగా నేస్తున్నాడు. గడప దాటిన గొంగడి ఏమైందో ఇంతవరకూ ఎవరూ ఆయనకు చెప్పలేదు.

“గిన్ని దినాలు గీళ్లకు ఏం రాసినవ్‌రా?”

“కొనుండ్రి, కొనుండ్రి అని.”

“గొంగడి ఎట్లున్నదని ఒక్కపారన్న అడిగినవా?”

అడగలేదు.

“నువ్వు ముందు పంపిన ఎనిమిదీ నేను తెరవకుండానే తీసేశాను నాయనా,” అంది లీలమ్మ. “ఇది చూసి ఏడుస్తూ బస్సెక్కాను. ఇక నువ్వేం రాసినా నమ్మను.”

ఆ మాట గిరి కన్నా బీరన్నకే ఎక్కువ తగిలింది. వచ్చి గిరి పక్కన కూలబడ్డాడు.

“రాయి బిడ్డా. బీరన్న బతికే ఉన్నడు, చివరిదన్నది అబద్ధం, ఆరు గొంగళ్లున్నయని అందరికి రాయి. ఇంకోటి. నేను నిజంగ పోయిన్నాడు గూడ నువ్వే రాయాలె. గప్పుడు వీళ్లు నమ్మాలె. గా దినం మాత్రం గొంగడి అమ్మకు.”