కరువు సీమలో తేమ

మొన్న అనంతపురంలో చర్మాల డాక్టరమ్మ, నా మనవరాలి ఈడు పిల్ల, "దురద కిందేనా అవ్వా? ఎన్నేండ్ల నుంచి?" అని వంకాయల ధర అడిగినంత తేలిగ్గా అడిగింది. నేనూ తేలిగ్గానే చెప్పినాను. బయట బెంచీ మీద కూర్చున్నాక మా అత్త గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పందొమ్మిదొందల యాబైల చివర, నేను ఉరవకొండకు కాపురానికి వచ్చిన కొత్త. ఆడవాళ్లు నోటితో చెప్పుకోని చోట నాకు దురద పట్టుకుంది. చర్మం తెల్లబడి, పగిలి, ఒకటే మంట. వేపాకు నీళ్లు, పసుపు, కొబ్బరినూనె, ఎవరికీ తెలీకుండా అన్నీ అయినాయి. మా ఆయన పక్కకు పోవాలంటే భయమేసి, ఏదో సాకు చెప్పి వంటింట్లో పడుకునేదాన్ని. పాపం, నేనంటే ఇష్టం లేదేమో ఈమెకు అని ఆయన దిగులుపడిపోయినాడు. "కాపురం చేసే మనసు లేదు పిల్లకు, పుట్టింటికి పంపించేద్దాం" అని మామ అననే అన్నాడు. ఆయనంటే నాకు ప్రాణం. ఆ మాట ఎట్ల చెప్పేది?

మా అత్త గట్టి మనిషి. ఆమె నోరు తెరిస్తే బావికాడ ఆడవాళ్లంతా సర్దుకునేవాళ్లు. ఒకనాడు శనక్కాయలు ఒలుస్తాంటే నేను కుదురుగా కూర్చోలేకపోవడం చూసి, "ఏమ్మే, యాడ బాధ?" అనింది. ఏడుస్తా చెప్పేసినాను. తిడుతుందనుకున్నా. చాలాసేపు కాయలు ఒలుస్తానే ఉండి, "గుత్తిలో పళ్లు కట్టే చీనాదేశపాయన ఉండాడు కదా, ఆయన పెండ్లాం ఆడోళ్లకు మందిస్తాదంట. నీకు పన్నునొప్పని మీ మామతో చెప్తా. దవడకు గుడ్డ కట్టుకో" అనింది. కట్టుకుని బస్సెక్కినాను. మామ జాలిపడి చేతిలో లవంగం కూడా పెట్టినాడు!

చీనామెది వచ్చీరాని ఉర్దూ. నన్ను వెనకగదిలో కూర్చోబెట్టి, రెండు చేతుల నాడీ చూసి, నాలుక చాపమనింది. మా అత్తకు ఒళ్లు మండింది.

"దురద యాడ, ఈమె చూసేది యాడ!"

"లోపల వేడి. తేమ" అనింది చీనామె.

"తేమనా! జిల్లా అంతా వానకు మొగం వాచి చస్తాంటే, అదంతా నీ ఒంట్లో దాక్కోనుండాదంటనే!"

నేను పగలబడి నవ్వినాను. ఏమీ అర్థం కాకుండానే చీనామె కూడా నవ్వింది. చేదు వేర్లు పొట్లం కట్టి, కాచి గోరువెచ్చగా కడుక్కోమనింది. మిరపకాయ, ఊరగాయ ముట్టొద్దనింది. కారం కారంగా ఊరిమిండి పచ్చడి లేకుండా సంగటి గొంతు దిగేదెట్లా అని నేను దిగులుపడతాంటే, మా అత్త తల వంచుకుని, నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో, "నాకూ ఒక పొట్లం కట్టు తల్లీ" అనింది. నా దిక్కు తిరిగి, "నీ మొగుడు పుట్టినప్పటి నుంచీ ఉండాదిమే" అనింది. ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాను.

ఇంటికొస్తే మామ నా నోట్లోకి తొంగిచూసి, "ఏ పన్ను పీకినాడమ్మా?" అన్నాడు. "పీకలేదు, కషాయమిచ్చినాడు. మా ఇద్దరికీ కారంలేని కూడే" అని కసిరింది అత్త. "నీకెందుకే?" "దానికి తోడు!"

పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, అప్పుడప్పుడూ తిరగబెట్టేది. కానీ నెమ్మదించింది. మా ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పేస్తే, "ఇంతేనా! నేనేమో..." అని చిన్నపిల్లోని మాదిరి సంబరపడినాడు. పుట్టింటి మాట మళ్లీ ఎవురూ ఎత్తలేదు. పెరట్లో వేర్లు ఉడుకుతాంటే అత్తాకోడండ్లం పొయ్యికాడ కూర్చుని నవ్వుకునే నవ్వులకు మామ బిత్తరపోయేవాడు.

కాలమే అన్నిటికీ మందంటారు. ఇరవై ఏండ్ల కాలం మా అత్తకు ఏ మందూ కాలేకపాయె. పక్కన ఇంకొక ఆడది నోరు తెరిచేదాకా ఆమె ఊరికే కాచుకుని ఉండింది.