వసీలా ఎవరినీ ముట్టనివ్వని యంత్రం

"నడుస్తోంది కదమ్మా, ఇంకేం కావాలి నీకు?" మేనేజరు మొన్సెఫ్ బల్ల గుద్దాడు.

వసీలా తలెత్తలేదు. "కుంటుతోంది సార్. కుంటేవాడు ఎవర్నీ గుద్దుకోడు."

మహ్దియా రేవులో చేపల శీతల గిడ్డంగికి, అక్కడి చలినీ తలుపులనూ కనిపెట్టుకుని ఉండడానికి వెళ్లాల్సిన కంప్యూటర్ అది. దాన్ని తయారుచేసే ఆఫీసులో వసీలా ఇంజినీరు, నేను టీ కాచేదాన్ని. చదువు లేదు గానీ కళ్లున్నాయి. ఆ యంత్రం ఎప్పుడో ఒకప్పుడు ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. గిడ్డంగిలో అలా జరిగితే వేటంతా కుళ్లిపోతుంది, అందులో వసీలా అన్నదమ్ముల వేట కూడా. కారణం పట్టుకోవాలని ఆ పిల్ల దాని అట్టడుగు ప్రోగ్రాములో, కెర్నెల్ అంటారు, అడుగడుగునా కాపలా పెట్టింది. అడుగుకోసారి లెక్క చెప్పుకుంటూ ఎవరు మాత్రం పరుగెత్తగలరు? యంత్రం నెమ్మదించింది, బిగుసుకోవడం మానేసింది. బాగైపోయిందని మొన్సెఫ్ మురిసిపోయాడు.

"కాపలా తీసేసి పంపెయ్."

"తీస్తే మళ్లీ బిగుసుకుంటుంది. లోపల రెండు పనులు, ఒకదాని చేతిలోది ఇంకోదానికి కావాలి, ఏదీ వదలదు. నెమ్మదిగా నడిస్తే ఎదురుపడవు, అంతే."

"అయితే కాపలాతోనే పంపు!"

"పంపుతా. తలుపు తెరిచి ఉందని అది చెప్పేలోపు మీ సార్డీను చేపలు ఉడికిపోతాయి."

నాకు నవ్వాగలేదు.

"నీకేంటి నవ్వు, దూజా?" మొన్సెఫ్ నా మీదికి తిరిగాడు.

"మీ టీ చల్లారిపోతోంది సార్."

వసీలా మాటే నెగ్గింది. ఆ రెండూ ఎదురుపడతాయని తను అనుమానించిన చోట తప్ప కాపలా అంతా తీసేసింది. బిగుసుకున్నప్పుడు ఏది దేన్ని పట్టుకుని ఉందో చూడాలి, దానంతటది బిగుసుకునేదాకా ఇక్కడే ఉంచుతామంది.

ఆ తర్వాత ఆఫీసంతా కలలో ఉన్నట్టుండేది. మధ్యాహ్నాలు సముద్రపు వెలుగు గోడ మీద అలలు అలలుగా కదిలేది. యంత్రం పచ్చదీపం ఊపిరి తీసుకున్నట్టు వెలిగి ఆరేది. దాన్ని చూస్తూ చూస్తూ నేను కునికితే, అందరం నీళ్లడుగున కూర్చున్నట్టనిపించేది. వసీలా వాళ్ల నాన్న వలలు బాగుచేసేవాడు. చిరుగు కనబడేదాకా వలను ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చునేవాడట. ఈ పిల్లదీ అదే కూర్చోవడం.

ఒకరోజు దీపం వెలిగింది వెలిగినట్టే ఆగిపోయింది, యంత్రం బిగుసుకుంది. ఆఫీసు వాచ్‌మన్ తాహర్ సాయం చేస్తున్నాననుకుని స్విచ్చి ఆపి మళ్లీ వేశాడు. మా ఊళ్లో టీవీకైనా మోటారుకైనా అందరి వైద్యమూ అదే. లోపలి ఆనవాళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వసీలా తిట్టలేదు, యంత్రాన్ని మళ్లీ మొదట్నుంచి నడవనిచ్చి దాని ముందు కూర్చుంది.

మర్నాడు జాలర్లను ఇంకొన్నాళ్లు ఆగమని అడగడానికి రేవుకు బయల్దేరుతూ నా దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, దీని పక్కన కూర్చో. దీపం ఆగితే నాకు ఫోన్ చెయ్యి. నేనొచ్చేదాకా మొన్సెఫ్ సారైనా సరే, స్విచ్చి దగ్గరికి రానివ్వకు. నీ నోటికి జడవనివాడు ఈ ఆఫీసులో లేడు."